ఆఫీసు చాట్‌లో మనం ఏ అంతస్తులో ఉన్నామో కనిపించాలా?

గోదావరి_గట్టు:
ఆఫీసు చాట్ యాప్ మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కు ప్రకటించిన సౌకర్యం గురించి వినే ఉంటారు. ఆఫీసు వైఫైకి కలవగానే మనం ఏ బిల్డింగ్‌లో ఉన్నామో దానంతట అదే చూపించేస్తుంది. కంపెనీ ఆన్ చేసి, మనమూ ఒప్పుకుంటేనే పనిచేస్తుందని చెప్పారు. మా ఆఫీసులో ఒక అడుగు ముందుకేసి, అంతస్తు, జోన్ కూడా చూపించే సొంత టూల్ కడుతున్నాం. ఆ టీమ్‌లో నేనూ ఉన్నాను. ఇది వద్దనే నా మాట.

రాత్రిపూట_సపోర్ట్:
నేను కావాలంటాను. పోయిన నెల రాత్రి 2 గంటలకు సర్వర్ రూమ్ తాళం ఉన్నాయన ఎక్కడున్నాడో తెలియలేదు. ఫోన్ సైలెంట్‌లో ఉంది. అవతల క్లయింట్ లైన్‌లో ఉన్నాడు. ఆరు అంతస్తులు వెతికితే చివరికి క్యాంటీన్‌లో దొరికాడు. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే మనిషి ఎక్కడున్నాడో మ్యాప్‌లో చూపించే చుక్క విలువ తెలుస్తుంది.

గోదావరి_గట్టు:
మీకు కావలసింది ఆయన పలకడం కదండీ? డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగే అర్జెంటు కాల్ ఉంటే చాలు. మా ట్రయల్‌లో ఏం జరిగిందో చెప్తాను. మా టీమ్ అమ్మాయి మెట్ల మీద కూర్చుని, వాళ్లమ్మ స్కాన్ రిపోర్టు గురించి డాక్టరుతో మాట్లాడుతోంది. చుక్క 20 నిమిషాలు అక్కడే ఉంది. "బ్రేక్ అయ్యిందా?" అని మేనేజర్ మెసేజ్. పాపం, మాట మధ్యలో ఫోన్ పెట్టేసి పరుగున వచ్చింది. చుక్క చూపింది నిజమే, ఆమెకు జరిగింది మాత్రం అన్యాయం.

పాత_నెట్‌వర్క్:
ఈ గొడవ పాతదేనండీ. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఒలివెట్టి పరిశోధనశాల 1989–92 మధ్యే యాక్టివ్ బ్యాడ్జ్ తయారుచేసింది. చొక్కాకు తగిలించుకుంటే 15 సెకన్లకోసారి ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని కాంతి) సంకేతం పంపేది. మనిషికి దగ్గరున్న ఫోన్‌కు రిసెప్షన్ వాళ్లు కాల్ మళ్లించేవాళ్లు. ఇన్‌ఫ్రారెడ్ గోడ దాటదు కాబట్టి ఏ గదిలో ఉన్నారో తెలిసేది, జేబులో వేసుకుంటే మాత్రం ఆచూకీ అందేది కాదు. నాకు నచ్చింది ఆ జేబే. ఎవరి అనుమతీ అక్కర్లేదు. వైఫై ఆపితే మాత్రం పనే ఆగిపోతుంది.

రాత్రిపూట_సపోర్ట్:
మరి మంటలు అంటుకుంటే? లోపల ఎవరు మిగిలారో తెలియాలిగా?

గోదావరి_గట్టు:
తెలియాలి. ఆ లిస్టు అలారం మోగినప్పుడు అంతస్తు ఖాళీ చేయించే ఫ్లోర్ వార్డెన్ చేతికి వెళ్లాలి, రోజూ మేనేజర్ స్క్రీన్ మీదికి కాదు. చట్టం కాపాడుతుందనీ అనుకోకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాలకైతే మన సమ్మతి లేకుండానే డేటా వాడుకోనిస్తుంది. అందుకే జాగ్రత్త టూల్ కట్టేటప్పుడే పడాలి. "ఆఫీసులో ఉన్నాను" వరకే కనిపించాలి. నన్ను ఎవరు వెతికారో నాకు తెలియాలి. నిన్న ఎక్కడ తిరిగానన్నది ఎక్కడా మిగలకూడదు. సోమవారం మీటింగ్‌లో మొదట, ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో దాచిపెట్టే ఆ హిస్టరీ టేబుల్‌ని టూల్‌లోంచి తీసేయమని అడుగుతాను.

రాత్రిపూట_సపోర్ట్:
సరే, టేబుల్ తీసేయండి. ఆ అర్జెంటు కాల్ మాత్రం ముందు పెట్టండి. ఈ వారం కూడా నాది నైట్ షిఫ్టే.