గచ్చు అరగదీసే మూడు హెడ్ల గ్రైండర్ కుడివైపే గీత కోస్తోంది, ఎక్కడ సరిచేయాలి?

మిర్యాలగూడలో రైస్ మిల్లు గోదాం, ట్రిమిక్స్ (వాక్యూమ్‌తో నీళ్లు లాగేసే పద్ధతి) చేసిన ఎం30 గ్రేడు కాంక్రీటు గచ్చు. 30 గ్రిట్ (ముతక రకం), మీడియం బాండ్ (వజ్రపు రవ్వలను పట్టి ఉంచే లోహం మధ్యరకం గట్టిది) సెగ్మెంట్లతో, అంటే ప్లేటుకు బిగించే కోత ముక్కలతో, డ్రై గ్రైండింగ్ నడుస్తోంది. ప్రతి పాస్‌లో కుడి అంచున నెలవంక లెక్క గీత పడుతోంది, గోరుకు తగులుతోంది. కుడి హెడ్ సెగ్మెంట్లు మిగతావాటికంటే 1 మిల్లీమీటరు ఎక్కువ అరిగినయి. రెండు టైర్లలో గాలి సమానమే. మిషన్ వెనక్కి వంచి ప్లేట్లు ఊపితే కుడిది మాత్రమే ఆడుతోంది. ప్లేటును హెడ్‌కు కలిపే రబ్బరు కప్లింగ్ పోయిందా, బేరింగా? విప్పకుండా తేల్చే పద్ధతి ఉందా?

ఇంకొకటి, దీని మీదే ఎక్కువ రంధి: సెగ్మెంట్లు అద్దంలెక్క మెరుస్తున్నయి, దుమ్ము రావడం లేదు. ఇసుక చల్లి తిప్పితే పది నిమిషాలు కోసి మళ్లీ మూసుకుపోతున్నయి. గట్టి కాంక్రీటుకు సాఫ్ట్ బాండే సరైనదని తెలుసు. అవి వచ్చేదాకా ప్లేటుకు 6 సెగ్మెంట్లను 3 చేసి ఒత్తిడి పెంచితే సరిపోతదా, గీతలు ఇంకా లోతవుతయా? చేసినవాళ్లు చెప్పండి.