మిగిలిన కాగితాలతో చేసిన ట్యాగులు వంగిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
గ్రీటింగు కార్డులు, చిన్న పెట్టెలు చేయగా మిగిలిన రంగు కాగితం ముక్కలు నా దగ్గర ఒక సంచి నిండా ఉన్నాయి. పారేయడానికి మనసు రాక, కానుకలకు కట్టే ట్యాగులు చేద్దామని కూర్చున్నాను. అట్ట మీద పూల కాగితం అంటించి, 5 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల పొడవుతో 24 ట్యాగులు కత్తిరించాను. రాత్రి చక్కగానే ఉన్నాయి. తెల్లవారి చూస్తే అన్నీ దోసిలి పట్టినట్టు పూల వైపుకు వంగి ఉన్నాయి. పుస్తకాల కింద పెట్టి తీస్తే కాసేపు తిన్నగా ఉండి మళ్లీ వంగుతున్నాయి. పైగా దారం కట్టి లాగగానే మూడింటికి చిల్లు చిరిగింది. వాడింది తెల్ల జిగురు. పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పగలరా?

జవాబు:
మీ పనితనంలో లోపం లేదండి, ఇది జిగురులోని నీరు చేసిన పని. కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. జిగురు రాయగానే మీ పూల కాగితం కాస్త సాగింది, అలా సాగి ఉండగానే అట్టకు అతుక్కుంది. ఆరుతూ ముడుచుకున్నప్పుడు అట్టను కూడా తన వైపుకు లాక్కుంది. అందుకే ఒక్కటి కూడా వెనక్కి వంగలేదు, గమనించారా?

కాబట్టి ఎంత బరువు పెట్టినా ప్రయోజనం ఉండదు. వెనక వైపు కూడా అదే మందం కాగితాన్ని అదే జిగురుతో అంటించండి. రెండు వైపుల లాగుడు సమానమై ట్యాగు తిన్నగా నిలుస్తుంది. బరువు పెట్టాల్సింది అప్పుడు, తడి ఆరకముందే. ట్యాగులకు పైనా కిందా బటర్ పేపర్ వేసి, పుస్తకాల మధ్య రాత్రంతా ఉంచండి. ఇప్పుడు వంగి ఉన్న 24 ట్యాగులనూ ఇలాగే బాగుచేసుకోవచ్చు, పారేయకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మిల్లులో తయారైన కాగితంలో పీచు చాలావరకు ఒకే దిశలో పరుచుకుని ఉంటుంది. తడిసినప్పుడు ఆ దిశలో పెద్దగా సాగదు, దానికి అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. అట్ట, ముందు కాగితం, వెనక కాగితం, మూడింటి పీచూ ట్యాగు పొడవునే ఉండేలా చూసుకుంటే సగం బాధ తీరినట్టే. దిశ తెలుసుకోవాలంటే పనికిరాని ముక్కను చించి చూడండి. పీచు వెంబడి చించితే చీలిక గీత గీసినట్టు పోతుంది, అడ్డంగా చించితే వంకర టింకరగా పక్కకు జరుగుతుంది. నేను ఏ కొత్త కాగితం చేతికి వచ్చినా ముందు ఒక మూల చించి చూస్తాను. ఆ తర్వాతే కత్తెర పట్టుకుంటాను.

అంత శ్రమ వద్దనుకుంటే రెండు వైపులా అంటుకునే టేపు వాడండి. అందులో నీరు లేదు కాబట్టి ఈ సమస్యే రాదు.

మరొకరి జవాబు:
చిల్లు గురించి నేను చెబుతాను. మామూలు ఆఫీసు పంచింగ్ మిషను చేసే చిల్లు 6 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంత చిన్న ట్యాగుకు అది పెద్దదే. చిల్లుకూ పై అంచుకూ మధ్య కనీసం 8 మిల్లీమీటర్లు వదలండి. గట్టి కాగితంతో రూపాయి బిళ్లంత గుండ్రాలు కత్తిరించి, ట్యాగుకు ముందొకటి వెనకొకటి అంటించి, పూర్తిగా ఆరాక మూడు పొరలకూ కలిపి ఒకేసారి చిల్లు చేయండి. విడివిడిగా చిల్లులు చేసి అంటించాలంటే అవి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. మెత్తటి కాగితమైతే రెండు అట్ట ముక్కల మధ్య పెట్టి నొక్కితే అంచు పీచు లేవకుండా తెగుతుంది.

దారాన్ని రెండుగా మడిచి, మడత ఉన్న కొసను చిల్లులోంచి దూర్చి, మిగతా రెండు కొసలనూ ఆ ఉచ్చులోంచి తీసి నెమ్మదిగా లాగండి. అది తనంతట తానే బిగుసుకుంటుంది, వేరే ముడి అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఆరింటికి వెనక కాగితం అంటించి పెట్టాను. పొద్దున తీసి బల్ల మీద పరిస్తే ఒక్క మూల కూడా లేవలేదు! పూల కాగితాన్ని చించి చూశాను, పీచు అడ్డంగా ఉంది. కొత్తవాటికి ముక్కను తిప్పి కత్తిరిస్తాను. చివరగా ఒక సందేహం. చేత్తో తయారుచేసిన గరుకు కాగితం మీద పేరు రాస్తే సిరా అక్షరం చుట్టూ పాకిపోతోంది. దీనికి ఉపాయం ఉందా?

జవాబు:
ఆ కాగితం సిరాను పీల్చేస్తోంది. బాల్ పాయింట్ పెన్నుతో గానీ పెన్సిలుతో గానీ రాయండి, పాకదు. సిరా పెన్నే కావాలంటే నున్నటి తెల్ల కాగితంతో సన్నని పట్టీ కత్తిరించి, పేరు దాని మీద రాసి, సిరా ఆరాక ట్యాగు మీద అంటించండి. అక్షరం తప్పుపోతే ఆ పట్టీ ఒక్కటే పోతుంది.