ఒకే మనిషి నుంచి రెండేసి ఐపీఎస్ (మూలకణాల) లైన్లు ఎందుకు?

హరిత_బయో:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే వారం జర్నల్ క్లబ్‌లో (పేపర్లు చదివి చర్చించుకునే మీటింగ్) 2017లో నేచర్ పత్రికలో వచ్చిన హిప్‌సై అనే మూలకణాల ప్రాజెక్టు పేపర్ నేనే చెప్పాలి. బ్రిటన్‌లో 301 మంది ఆరోగ్యవంతుల చర్మం ముక్కలు తీసుకుని, ఆ కణాలను వెనక్కి మళ్ళించి మూలకణాలుగా మార్చి, మొత్తం 711 ఐపీఎస్ లైన్లు (ఇలా మార్చిన మూలకణాలను విడివిడిగా పెంచుతూ పోయే వరసలు) తయారుచేశారు. మనుషుల మధ్య జన్యు తేడాలు కావాలంటే రక్తం తీసి సీక్వెన్సింగ్ చేస్తే (డీఎన్‌ఏ అక్షరాలన్నీ చదివితే) సరిపోదా, ఇంత శ్రమ ఎందుకు? సరే చేశారే అనుకుందాం, 301 మందికి 301 లైన్లు చాలవా? నాలుగుసార్లు చదివాను, ఇక్కడే ఆగిపోతున్నాను. టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

కల్చర్_రూమ్:
మీ రెండో ప్రశ్న దగ్గరే నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నానండి, అందుకే ముందు దానికే చెప్తాను. పీహెచ్‌డీ మొదట్లో ఒక పేషెంట్ లైన్, ఒక ఆరోగ్యవంతుడి లైన్ పక్కపక్కన పెంచి న్యూరాన్లు (నాడీకణాలు) చేశాను. పేషెంట్ లైన్‌లో సగం కూడా రాలేదు. జబ్బు ప్రభావం దొరికేసిందని గట్టిగా నమ్మాను, ఎందుకంటే మైక్రోస్కోప్ కింద ఆ కాలనీల్లో వంక పెట్టడానికేమీ లేదు, అంచు గీత గీసినట్టు, లోపల కణాలన్నీ ఒకదానికొకటి ఒత్తుకుని చదునుగా ఉండేవి. చివరికి అదే పేషెంట్‌ది ఇంకో లైన్ లిక్విడ్ నైట్రోజన్ లోంచి తీసి పెంచితే న్యూరాన్లు మామూలుగానే వచ్చాయి. మొదటి లైన్‌ని పరీక్ష చేయిస్తే 20వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క అదనంగా ఉంది. అది పేషెంట్‌కి పుట్టుకతో వచ్చింది కాదు, మా డిష్‌లో వచ్చింది. ఆ ముక్కలో బీసీఎల్2ఎల్1 అనే జన్యువు ఉంటుంది, కణాన్ని తొందరగా చావనివ్వదు, దాంతో అలాంటి కణాలు మిగతావాటిని తోసేసి డిష్ అంతా ఆక్రమిస్తాయి.

ఒక మనిషికి ఒకే లైన్ ఉంటే కనిపించిన తేడా ఆ మనిషిదా, ల్యాబ్‌లో వచ్చిందా అని చెప్పడం కుదరదు. రెండు మూడు లైన్లు ఉండి, అవి ఒకదానితో ఒకటి పోలి ఉంటూ పక్కవాడి లైన్లకు దూరంగా ఉంటే అది ఆ మనిషి జన్యువులదే. హిప్‌సై వాళ్ళు ఈ లెక్క కట్టే, ఏ లక్షణం చూస్తున్నాం అన్నదాన్ని బట్టి తేడాల్లో 5 నుంచి 46 శాతం వరకు మనిషికీ మనిషికీ మధ్య తేడా వల్ల వస్తున్నవని చెప్పారు. జర్నల్ క్లబ్‌లో ఈ ఒక్క అంకె మీద పది నిమిషాలు ఉండండి, మిగతావి తొందరగా చెప్పేసినా పర్లేదు.

శ్రీధర్_జీనోమ్:
మొదటి ప్రశ్నకి నేను చెప్తాను. సీక్వెన్సింగ్ చేస్తే ఏ అక్షరం మారిందో తెలుస్తుంది, ఆ మార్పు ఏం చేస్తుందో తెలియదు. అలాంటి ఒక మార్పు, అంటే వేరియంట్, రక్తకణంలో ఏ ప్రభావమూ చూపించకుండా ఉండి మెదడు కణంలో మాత్రం పక్క జన్యువు పనిని సగానికి తగ్గించొచ్చు. బతికున్న మనిషి మెదడులోంచి కణాలు తీయలేం కదా. ఐపీఎస్ లైన్ ఉంటే వాటినే న్యూరాన్లుగా మార్చి చూడొచ్చు. 2021లో 215 లైన్లతో అచ్చం ఇదే చేశారు, పార్కిన్సన్స్‌లో దెబ్బతినే డోపమైన్ న్యూరాన్ల మీద. ఒక్కో డిష్‌లో చాలామంది కణాలు కలిపేసి పెంచి, తర్వాత ఒక్కో కణం ఆర్‌ఎన్‌ఏ చదివి, అందులోని జన్యు తేడాలను బట్టే ఏది ఎవరిదో విడదీశారు. అందరివీ ఒకే మీడియాలో (కణాలను పెంచే ద్రవం), ఒకే రోజున పెరుగుతాయి కాబట్టి బ్యాచ్ గొడవ, అంటే వేర్వేరుగా పెంచడం వల్ల వచ్చే తేడా, చాలావరకు తగ్గుతుంది.

పాలమూరు_పిల్ల:
ఒకటి కలుపుతాను, ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. హిప్‌సై డోనర్లు ఎక్కువగా యూరోపియన్ సంతతి వాళ్ళే. మన దగ్గర ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లేని వేరియంట్ ఉంది, దక్షిణాసియాలో దాదాపు 4 శాతం మందిలో కనిపిస్తుంది, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ వాళ్ళ సహచరులూ 2009లో దాన్ని గుండె జబ్బుతో ముడిపెట్టారు. కానీ అది ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు. 2018లో తెలిసిందేంటంటే వాళ్ళలో కొందరికి అదే జన్యువులో డీ389వీ అనే రెండో మార్పు కూడా ఉంది. ఎవరికి ప్రమాదం, ఎవరికి లేదు అన్నది తేల్చాలంటే మనవాళ్ళ కణాలతోనే గుండె కణాలు చేసి చూడాలి, వందల మందివి, ఒక్కొక్కరివి రెండేసి లైన్లు. యూరోపియన్ బ్యాంకులో వెతికితే ఈ వేరియంట్ ఉన్న డోనర్ దొరకడమే కష్టం.

హరిత_బయో:
ఇప్పుడు అర్థమైంది, చాలా థాంక్స్ అందరికీ. కల్చర్_రూమ్ గారూ, ఒక్కటి. రెండో లైన్ కూడా అలాగే మారిపోయి ఉంటే మీకెలా తెలిసేది?

కల్చర్_రూమ్:
తెలిసేది కాదండి. అందుకే ఇప్పుడు ఫ్రీజ్ చేసిన కణాల కొత్త వయల్ (చిన్న సీసా) తీసినప్పుడల్లా ఒకసారి, తర్వాత పది పాసేజ్‌లకొకసారి (పాసేజ్ అంటే కణాలను కొత్త డిష్‌లోకి మార్చడం) క్రోమోజోమ్ పరీక్ష చేయిస్తాను. 20వ క్రోమోజోమ్‌లో వచ్చే ఆ ముక్క చిన్నదైతే మామూలు కేరియోటైప్‌లో (క్రోమోజోమ్‌లను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) కనిపించదు, దానికి విడిగా క్యూపీసీఆర్ (ఆ డీఎన్‌ఏ ముక్క ఎన్ని కాపీలుందో కొలిచే పరీక్ష) పెట్టుకోవాలి. జర్నల్ క్లబ్‌లో ఎవరైనా అడిగితే ఇది కూడా చెప్పండి.