రెండో తరగతి కూడికలు, తీసివేతలు: తప్పు ఎక్కడుందో చూపించే పేపరు ఎలా తయారుచేయాలి?

పలక_బలపం

రెండో తరగతి, 24 మంది పిల్లలు. దసరా సెలవుల తర్వాత పునశ్చరణ మొదలుపెట్టే ముందు అరగంట పరీక్ష ఒకటి పెట్టాలి. నెట్‌లో దొరికే వర్క్‌షీట్లలో వరసగా పది కూడికలు, పది తీసివేతలు ఉంటున్నాయి. దిద్దితే 20కి 12 అని తేలుతుంది, అంతే. 12 వచ్చిన ముగ్గురూ మూడు రకాలుగా తప్పు చేసి ఉండొచ్చు. పేపరు చూడగానే ఎవరితో ఏం చేయించాలో తెలియాలంటే లెక్కలు ఎలా ఎంచుకోవాలి? పుస్తకం రెండు భాషల్లోనూ ఉంది కదా, పరీక్ష తెలుగులో పెట్టాలా, ఇంగ్లిషులోనా?

ఒకట్లూ_పదులూ

ఎన్ని లెక్కలు ఇచ్చారన్నదాని కంటే ఏ అంకెలు ఇచ్చారన్నది ముఖ్యం అండి. ఒక్కో తప్పు పద్ధతికి ఒక్కో వేరే జవాబు రావాలి.

అందరూ ఇచ్చే 52 − 27 తీసుకోండి. అసలు జవాబు 25. చాలామంది 35 వేస్తారు. కానీ ఆ 35 రెండు దారుల్లో వస్తుంది. ఒకరు పైన 2 చిన్నది కాబట్టి తిరగేసి 7 లోంచి 2 తీసేస్తారు. ఇంకొకరు అప్పు సరిగ్గానే తెచ్చి 12 లోంచి 7 తీసి, పదుల్లో 5ని 4 చేయడం మర్చిపోతారు. మొదటివారికి కట్ట విప్పడం, అంటే ఒక పదిని పది ఒకట్లుగా మార్చుకోవడం, ఏమిటో తెలియదు, రెండోవారికి తెలుసు, రాయడం దగ్గర జారారు. వాళ్లకు చేయించాల్సినవి వేరు, పేపరు మీద మాత్రం ఇద్దరిదీ ఒకటే 35. ఒకట్ల అంకెల తేడా 5 అయితే ఎప్పుడూ ఇదే ఇబ్బంది. తేడా 5 కాని అంకెలు వేయండి.

62 − 38: సరైనది 24. తిరగేస్తే 36. పదులు తగ్గించకపోతే 34. గుర్తు చూడకుండా కూడితే 100.

40 − 16: సరైనది 24. తిరగేస్తే 36, "సున్నాలోంచి తీస్తే సున్నా" అనుకుంటే 30, పదులు తగ్గించకపోతే 34.

28 + 35: సరైనది 63. చేతిలోని 1 మర్చిపోతే 53. 13ని అలాగే కింద దించేస్తే 513. 1 వేసి 3ని చేతిలో ఉంచుకుంటే 81. 62, 64 వస్తే పద్ధతి వచ్చు, వేళ్ల లెక్క తప్పింది.

34 + 5 అడ్డంగా ఇచ్చి, నిలువుగా పిల్లలనే రాసుకోమనండి. 84 వేసినవారు 5ని 3 కింద రాశారన్నమాట. అన్నీ మీరే నిలువుగా పేర్చి ఇస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు.

ఇలాంటివి ఎనిమిది చాలు. కూడికలన్నీ ఒకచోట, తీసివేతలన్నీ ఒకచోట పెట్టకండి. మూడో లెక్క నుంచి గుర్తు చూడటం మానేస్తారు. సంఖ్యల డిక్టేషన్‌కి 16, 61, 40, 14, 105, 230 ఇవ్వండి. నూట ఐదుకి 1005 రాసేవారు తప్పక ఉంటారు. 22, 55 లాంటివి దండగ. అంకెలు తారుమారైనా తెలియవు.

చింతగింజలు

పై సలహాకి ఒకటి కలుపుతాను. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం రెండో తరగతి పూర్తయ్యేసరికి 999 వరకు చదవడం, రాయడం, 99 వరకు తీసివేత రావాలి. అక్టోబరులో మూడంకెల తీసివేతలు పెట్టి భయపెట్టక్కర్లేదు. పల్లెల్లో పిల్లల చదువు, లెక్కలు ఎలా ఉన్నాయో చూసే అసర్ సర్వేలో వాడే పరీక్ష పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చెబుతుంది. అప్పు తెచ్చే రెండంకెల తీసివేతలు రెండూ సరిగ్గా చేస్తే తీసివేత వచ్చినట్టు. ఎందుకు తప్పాడో చెప్పడం దాని పని కాదు. పునశ్చరణకు అదొక్కటే సరిపోదు.

భాష సంగతి. డిక్టేషన్ రెండు భాషల్లోనూ పెట్టండి, వేర్వేరు రోజుల్లో. తెలుగులో పదమూడు విని 13 రాసినవారే థర్టీన్ అంటే 30 రాస్తారు. అది సంఖ్యాజ్ఞానం లోపం కాదు, చెవి తప్పు. దానికి స్థానవిలువ పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పడం అనవసరం. పద సమస్యలు మాత్రం మీరే తెలుగులో రెండుసార్లు చదివి వినిపించండి, లేకపోతే అది చదివే పరీక్ష అయిపోతుంది. రెండు చాలు:

సీత దగ్గర 12 రేగుపళ్లు, రవి దగ్గర 8. సీత దగ్గర ఎన్ని ఎక్కువ? ("ఎక్కువ" వినగానే కూడేవారు 20 అంటారు.)

బుట్టలో కొన్ని మామిడికాయలున్నాయి. 5 తీసేస్తే 9 మిగిలాయి. ముందు ఎన్ని? (4 అన్నవారు "తీసేస్తే" అన్న మాట పట్టుకుని చేశారు.)

పలక_బలపం

ధన్యవాదాలు అండి. 52 − 27 దాదాపు ప్రతి వర్క్‌షీటులోనూ చూస్తున్నాను! ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నోటితో అడగడం కూడా అవసరమా? ఒకటో తరగతి కూడా నా గదిలోనే ఉంటుంది. పునశ్చరణకు సామగ్రి ఏం పెట్టుకోవాలి?

చింతగింజలు

అందరినీ అక్కర్లేదు. పేపరులో కారణం తేలనివారిని, ఖాళీ వదిలినవారిని పిలవండి, మనిషికి ఐదు నిమిషాలు. 7 + 5 అడిగి వేళ్లు చూడండి. 1 నుంచి మొదలుపెట్టి అన్నీ లెక్కపెడుతున్నారా, 7 మీద నుంచి 8, 9 అంటున్నారా, 7 దగ్గరే ఒకటి అనుకుని 11 చెబుతున్నారా? జవాబు సరైనా కాకపోయినా "ఎలా చేశావు?" అనే అడగాలి. తప్పైనప్పుడే అడిగితే ఆ మాట వినగానే రబ్బరు పట్టుకుంటారు. అక్కడే నేర్పించడం మొదలుపెట్టకండి.

ఒకట్లూ_పదులూ

సామగ్రికి ఖర్చేమీ లేదు. జట్టుకు 100 పుల్లలు, 10 రబ్బరు బ్యాండ్లు. కట్టలు పిల్లలతోనే కట్టించండి. కట్టి ఇచ్చేస్తే అందులో పది ఉన్నాయన్నది వాళ్లకు మన మాటే, వాళ్లు లెక్కపెట్టింది కాదు. కట్టాక పక్క జట్టు సరిచూడాలి, తొమ్మిదివీ పదకొండువీ తప్పక దొరుకుతాయి.

62 − 38కి 36 వేసినవారికి: 6 కట్టలు, 2 విడి పుల్లలు పెట్టి 38 ఇమ్మనండి. విడివి చాలవు, ఒక కట్ట విప్పాల్సిందే. కొందరు కట్టలన్నీ విప్పేసి 62 నుంచి ఒక్కొక్కటే తీస్తారు. జవాబు సరిగ్గానే వస్తుంది, నేర్చుకున్నది మాత్రం ఏమీ ఉండదు. ఒక్క కట్టే విప్పాలని నియమం పెట్టండి.

34 వేసినవారికి పుల్లలు తక్కువ, పలక ఎక్కువ. కట్ట విప్పిన మరుక్షణం, తీసివేయకముందే, 6 కొట్టేసి 5 రాయాలి.

రోజుకు ఆరు లెక్కలు మించవద్దు. ఇరవై ఇస్తే తప్పు పద్ధతినే ఇరవైసార్లు సాధన చేస్తారు. మీ రిజిస్టరులో టిక్కు, ఇంటు కాకుండా పిల్లవాడు వేసిన జవాబే రాసుకోండి. జట్లు వాటినిబట్టే పడతాయి.

రెండు వారాల తర్వాత 81 − 54 ఇవ్వండి: సరైనది 27, తిరగేస్తే 33, పదులు తగ్గించకపోతే 37. దాని పక్కనే 76 − 41 కూడా ఉండాలి. అప్పు కొత్తగా వచ్చిన ఊపులో అవసరం లేకపోయినా 7ని 6 చేసి 25 అనో 215 అనో వేసేవారు అక్కడ దొరుకుతారు.