తార్ వేటకు రైఫిల్: 2.2 కిలోల కింబరా, 2.9 కిలోల టిక్కానా?

కొండదారి (మల్కాజిగిరి): మే నెలలో న్యూజిలాండ్‌లో మా అన్నయ్యతో తార్ వేటకు వెళ్తున్నా. తార్ అంటే హిమాలయాల కొండమేక. నేను విజిటర్ లైసెన్సు తీసుకుంటా, రైఫిల్ అన్నయ్యే కొంటాడు. .308 తూటా సైజులో కింబర్ మౌంటెన్ అసెంట్ 2.2 కిలోలు, టిక్కా టీ3ఎక్స్ లైట్ 2.9. నా మనసు కింబర్ మీదే ఉంది. స్కోప్ (రైఫిల్ మీద పెట్టి గురిచూసే దుర్భిణి) ఏది పెట్టాలి?

గచ్చిబౌలి గురి: టిక్కా తీసుకోండి. తూటా అదే అయినప్పుడు రైఫిల్ ఎంత తేలికైతే భుజానికి దెబ్బ అంత ఎక్కువ. పైగా కొండెక్కి రొప్పుతూ పడుకుని గురిపెడితే తేలిక రైఫిల్ ప్రతి ఊపిరికీ ఊగుతుంది. లెవుపోల్డ్ వీఎక్స్-3హెచ్‌డీ 3.5-10x40 స్కోప్ (3.5 నుంచి 10 రెట్లు పెద్దగా చూపేది) దాదాపు 360 గ్రాములే, అది పెడితే చాలు.

కొండదారి: కింబర్‌కి మజిల్ బ్రేక్ (గొట్టం చివర గ్యాసును పక్కలకు మళ్లించే ముక్క) వస్తుంది, దెబ్బ తగ్గుతుంది. కేదార్‌కంఠ ట్రెక్‌లో ఎక్కువ బరువు మోసి మోకాలు పాడుచేసుకున్నా. ఏజెన్సీవాళ్లు పోర్టర్‌ని ఇస్తామని ఇవ్వలేదు. ఏడు వందల గ్రాములంటే ఏంటో ఆ రోజు నాకు తెలిసింది.

గచ్చిబౌలి గురి: ఆ బ్రేక్ మోతకు పక్కనున్న మీ అన్నయ్య చెవులు పోతాయి.

శ్రీను_ఉప్పల్: పాపం, ఆ మేకలేం చేశాయి? మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జైల్లో వేస్తారు.

కొండదారి: అక్కడ అది స్థానిక జంతువు కాదండీ. 1904లో తెచ్చి వదిలారు. కొండల మీది మొక్కల్ని మేసేస్తోందని ప్రభుత్వమే సంఖ్య తగ్గిస్తోంది.

గచ్చిబౌలి గురి: అసలు మాటకు రండి. మోకాలు బాగోలేనప్పుడు స్కోప్ తేలికది పెట్టి రైఫిల్ టిక్కా తీసుకోవచ్చుగా?

కొండదారి: ఇందాకటి నుంచి స్కోప్, స్కోప్ అంటారేంటండీ! 500 మీటర్లకు డయల్ చేయాలంటే, అంటే స్కోప్ మీది చక్రం తిప్పి గురి సరిచేయాలంటే, 5-25 రెట్ల స్కోప్ కావాలి, అదే దాదాపు 900 గ్రాములు. అందుకే రైఫిల్‌లో బరువు తగ్గిస్తున్నా.

గచ్చిబౌలి గురి: ఈ 500 సంగతి మొదటే చెప్పాల్సింది! 200 మీటర్లకు జీరో చేసిన (అక్కడ సరిగ్గా గురిలో తగిలేలా అమర్చిన) .308 తూటా 500 దగ్గర మీటరుకు పైనే కిందికి దిగుతుంది. అది డయల్‌తో సరిచేస్తారు, సరే. గంటకు 15 కిలోమీటర్ల పక్కగాలికి అర మీటరు పైగా పక్కకు పోతుంది, దాన్నేం చేస్తారు? లోయలో ఇక్కడ ఒక గాలి, అక్కడ ఇంకో గాలి. మనం హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేసేది 50 మీటర్ల రేంజ్‌లో, పాయింట్ టూటూ (.22) అనే చిన్న తూటా రైఫిల్‌తో. కడుపులో దెబ్బ తగిలిన తార్ మనిషి దిగలేని రాతిగోడ మీదికి పోయి గంటల తరబడి చస్తుంది. ఒక ట్రిప్‌లో అద్దెకిచ్చిన రైఫిల్ స్కోప్ వదులుగా ఉండి నా చేతుల మీద అలాగే జరిగింది. జంతువు దొరకలేదు. ఆ గైడ్ నన్నే తిట్టాడు.

రేవంత్ కె: 200 లోపు పాక్కుంటూ వెళ్లడమే వేట. +1

కొండదారి: నా మోకాలితో పాక్కుంటూ వెళ్లలేకే 500 అంటున్నా! అది ఎవరూ అడగరు.

గచ్చిబౌలి గురి: దగ్గరికి వెళ్లలేకపోతే ఆ రోజు కాల్చకండి. అన్నయ్యను కాల్చనివ్వండి.

కొండదారి: అన్నయ్య కూడా 300 దాటితే వద్దంటున్నాడు. కింబర్ మాత్రం మార్చను. చిన్న స్కోపే పెడితే మిగిలిన బరువులో బ్రేక్ బదులు సైలెన్సర్ పెట్టొచ్చు, అక్కడ అనుమతి ఉంది. దాంతో దెబ్బ, మోత రెండూ తగ్గుతాయి కదా? వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.