కారు లాక్ పడిపోయింది, తాళాలు లోపలే ఉన్నాయి, అర్జెంట్

కూకట్‌పల్లి రైతుబజార్ దగ్గర ఉన్నాం, నాన్న కూరగాయల సంచులు డిక్కీలో పెట్టి మూసేసరికి సెంట్రల్ లాక్ పడిపోయింది, తాళం ఇగ్నిషన్‌కే వేలాడుతూ కనిపిస్తోంది, స్పేర్ కీ ఏమో ఖమ్మంలో ఉంది. ఆయన బీపీ మాత్రలు కూడా లోపలే అండి, అదే నా కంగారు. పక్కన బండి ఆయన అద్దం సందులో స్టీల్ స్కేలు దూరుస్తా అంటున్నాడు, కానీ డోర్ లోపల పవర్ విండో వైర్లు ఉంటాయి కదా, తెగితే ఎలా? డ్రైవర్ వైపు అద్దం పైన సన్నగా సందు ఉంది, కడ్డీ పెట్టి లాక్ లాగొచ్చా? ఇటువైపు కారు తాళాలు తీసేవాళ్లు ఎవరైనా తెలుసా, ఎంత తీసుకుంటారు? ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే దీనికి కూడా వస్తారా? అద్దం పగలగొట్టడం మాత్రం ఆఖరికే. తెలిసినవాళ్లు కొంచెం తొందరగా చెప్పండి ప్లీజ్.