లండన్ జూలో పెంగ్విన్ కొలను చూడాలనుంది, పిల్లలతో వెళ్తే కుదురుతుందా?

గుంటూరు సివిల్:
నమస్కారమండీ. వచ్చే నెల లండన్‌లో అక్కావాళ్లింటికి వెళ్తున్నాం. పిల్లలకి సింహాలు, జిరాఫీలు కావాలి. నాకు మాత్రం రీజెంట్స్ పార్క్ జూలో 1934లో కట్టిన పెంగ్విన్ కొలను చూడాలని కోరిక. ఇంజినీరింగ్‌లో మా మాస్టారు ఆర్‌సీసీ (ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు) క్లాసులో దాని ఫోటో చూపించారు, అప్పట్నుంచీ మనసులో ఉండిపోయింది. పెంగ్విన్లు ఇంకా అందులోనే ఉన్నాయా? అమ్మ కూడా వస్తోంది, ఎక్కువ దూరం నడవలేదు.

క్యామ్డెన్ వాసి:
అందులో పెంగ్విన్లు లేవండీ. 2004లో వేరే చోటికి మార్చేశారు. గరుకు కాంక్రీటు మీద నడిచి నడిచి వాటి అరికాళ్లు దెబ్బతిని ఇన్ఫెక్షన్లు వచ్చేవి. 2011లో వాటికి పెంగ్విన్ బీచ్ కట్టారు, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి.

కొలను మాత్రం వదలకండి. కోడిగుడ్డు ఆకారంలో గోడ, లోపల ఒకదాని పక్కన ఒకటి మెలితిరుగుతూ దిగే రెండు ర్యాంపులు. మధ్యలో ఒక్క స్తంభం కూడా ఉండదు. డిజైన్ ఆర్కిటెక్ట్ లుబెట్కిన్ నడిపిన టెక్టన్ బృందానిది, లెక్కలు చూసింది ఇంజినీరు ఓవ్ ఆరప్. గోడ దగ్గర నిలబడి ర్యాంపు అంచుని పక్కనుంచి చూడండి. అంత పల్చటి పలక తన బరువు తాను మోసుకుంటూ గాల్లో అలా ఎలా నిలిచిందో, మన చదువు చదివినవాళ్లకి కాళ్లు కదలవు. నేను ఎప్పుడు వెళ్లినా ముందు అక్కడికే వెళ్తాను.

అయినా ఇంజినీరుగా నాకు ఎక్కువ గౌరవం జిరాఫీల ఇంటి మీద. 1830లలో డెసిమస్ బర్టన్ అనే ఆర్కిటెక్ట్ కట్టాడు. జిరాఫీ తల వంచకుండా బయటికి వచ్చేంత ఎత్తు తలుపులు, పైన ఆర్చీలు. ఇప్పటికీ అందులో జిరాఫీలే ఉంటున్నాయి. లోపల ఉండే ప్రాణిని చూసి కొలతలు తీసుకున్న మనిషి పని అది.

వైజాగ్ పిల్ల:
ఏనుగుల ఇల్లు కూడా చూడండి. 1960లలో ఆర్కిటెక్ట్ హ్యూ క్యాసన్ వాళ్లు కట్టింది, గోడలు గీతలు గీతలుగా చెక్కిన కాంక్రీటు. ఏనుగుల్ని 2001లో లండన్ బయట ఉన్న విప్స్‌నేడ్ జూకి తరలించారు. 1965లో పక్షుల కోసం కట్టిన స్నోడన్ ఏవియరీలో 2022 నుంచి కొలబస్ కోతులున్నాయి. లోపలికి వెళ్లొచ్చు, తలమీదుగా దూకుతుంటే పిల్లలు కదలరు.

అమ్మగారికి క్యామ్డెన్ టౌన్ స్టేషన్ నుంచి నడక ఎక్కువవుతుంది. 274 నంబరు బస్సు జూ దగ్గరే ఆగుతుంది. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

గుంటూరు సివిల్:
చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. పెంగ్విన్లు లేవంటే కాస్త బాధేసింది, కానీ వాటి కాళ్ల సంగతి విన్నాక మార్చడమే మంచిదనిపించింది. పొద్దున్నే కొలను, తర్వాత అందరం కలిసి జిరాఫీలు. అమ్మకి బస్సే ఖాయం. జిరాఫీల ఇంటి దగ్గర కూర్చోడానికి బెంచీలు ఉంటాయా?

క్యామ్డెన్ వాసి:
దారి పొడవునా ఉంటాయండీ. చక్రాల కుర్చీ కావాలంటే ముందే జూ వాళ్లకి మెయిల్ పెట్టి అడగండి.